బావ యాంకీస్, నేను రెడ్ సాక్స్

మా బావది గుడివాడ. కానీ న్యూజెర్సీ ఎడిసన్‌లో ఏళ్ళ తరబడి ఉండి ఉండి, 2004 నాటికి పూర్తిగా న్యూయార్క్ యాంకీస్ మనిషైపోయాడు. నాకేమో బోస్టన్ పక్కన ఉద్యోగం వచ్చింది, ఫ్రేమింగ్‌హామ్‌లో కాపురం పెట్టాం, కాబట్టి నేను రెడ్ సాక్స్ వాణ్ణి. ఇందులో సిద్ధాంతం గట్రా ఏమీ లేదు, జీతం ఏ ఊళ్ళో ఇస్తే ఆ ఊరి టీమ్. అయినా బావా బావమరుదులన్నాక వేళాకోళానికి ఏదో ఒక సాకు ఉండాలి కదా. సినిమాల్లో ఇద్దరిదీ ఒకే హీరో, రాజకీయాలెత్తితే అక్క ఊరుకోదు, ఇక మిగిలింది బేస్‌బాల్ ఒక్కటే.

ఆ ఏడాది అక్టోబర్‌లో అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో ఈ రెండు టీమ్‌లే ఎదురుపడ్డాయి. ఏడు మ్యాచుల్లో ముందు నాలుగు గెలిచినవాళ్ళు వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి వెళ్తారు. అప్పట్లో మా సెల్‌ఫోన్ ప్లాన్‌లో రాత్రి తొమ్మిది దాటితే నిమిషాలు లెక్కలోకి వచ్చేవి కావు, మ్యాచులు ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదలయ్యేవి. బావకి అంతకంటే ఏం కావాలి.

యాంకీస్ అంటే అప్పటికే 26 సార్లు ప్రపంచ విజేతలు. రెడ్ సాక్స్ చివరిసారి గెలిచింది 1918లో. 1919 చివర్లో బోస్టన్ యజమాని హ్యారీ ఫ్రేజీ, బేబ్ రూత్ అనే మహానుభావుణ్ణి యాంకీస్‌కి అమ్మేశాడు, అక్కణ్ణుంచి వాళ్ళ దశ తిరిగింది, వీళ్ళది తలకిందులైంది. దీన్నే ఊరంతా బాంబినో శాపం అనేవాళ్ళు, బాంబినో అంటే బేబ్ రూత్‌కి ముద్దుపేరు. మొదట్లో ఇదంతా పేపర్ల వాళ్ళు రాసుకునే కబుర్లనుకున్నాను గానీ, 1946, 1967, 1975, 1986, నాలుగుసార్లు ఫైనల్ దాకా వెళ్ళి నాలుగుసార్లూ సరిగ్గా ఏడో మ్యాచ్‌లోనే ఓడారని తెలిశాక, మనం పుట్టి పెరిగిన దేశం పద్ధతిలో ఆలోచిస్తే ఏదో దోషం ఉన్నట్టే అనిపించింది. మా ఆవిడైతే ఆ స్టేడియంలో శాంతి చేయించారా అని అడిగింది, సీరియస్‌గానే.

ఇదంతా నాకు నేర్పింది మా ఆఫీసులో టెస్టింగ్ టీమ్‌లో పనిచేసే ఒక పెద్దాయన. అరవైకి దగ్గర్లో ఉండేవాడు, పుట్టింది పెరిగింది బోస్టన్‌లోనే. నేను బగ్ సరిచేశానని చెప్పినప్పుడల్లా ఒక చూపు చూసేవాడు, "నువ్వు చెప్తున్నావు సరే, రాత్రికి మళ్ళీ వస్తుంది" అన్నట్టు. ఆ చూపు మా కోడ్ వల్ల వచ్చింది కాదని నాకు 2003లో అర్థమైంది. ఆ ఏడాది కూడా ఇవే టీమ్‌లు, ఇదే సిరీస్, ఏడో మ్యాచ్. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎనిమిదోది, బోస్టన్ 5-2తో ముందుంది. పిచర్, అంటే బంతి వేసే పెడ్రో మార్టినెజ్ అలసిపోయాడని నాలాంటి కొత్తవాడికి కూడా టీవీలో కనిపిస్తోంది, మేనేజర్ గ్రేడీ లిటిల్ మాత్రం మైదానంలోకొచ్చి మాట్లాడి, అతన్నే ఉంచి వెళ్ళిపోయాడు. స్కోరు సమమైంది, ఆట అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్ళింది. అర్ధరాత్రి దాటాక పదకొండో ఇన్నింగ్స్‌లో టిమ్ వేక్‌ఫీల్డ్ వేసిన మొదటి బంతినే యాంకీస్ ఆటగాడు ఆరన్ బూన్ స్టాండ్స్‌లోకి కొట్టాడు, బోస్టన్ ఓడిపోయింది. మర్నాడు ఆఫీసు చావు జరిగిన ఇల్లులా ఉంది. కాఫీ మిషన్ దగ్గర ఎవరూ ఎవరితో మాట్లాడుకోలేదు. పెద్దాయన నన్ను పిలిచి, వాళ్ళ నాన్న తనని చిన్నప్పుడు రెడ్ సాక్స్ స్టేడియం ఫెన్‌వే పార్క్‌కి తీసుకెళ్ళేవాడని, ఆయన జీవితమంతా ఎదురుచూసి చూసి ఒక్క గెలుపు కూడా చూడకుండానే పోయాడని చెప్పాడు. బాధగా కూడా కాదు, రోజూ ఉండే ట్రాఫిక్ గురించి చెప్పినట్టు చెప్పాడు.

సరే, 2004. మొదటి మ్యాచ్ న్యూయార్క్‌లో, అక్టోబర్ 12. బోస్టన్ తరఫున కర్ట్ షిల్లింగ్ వేశాడు, కుడికాలి చీలమండ దగ్గర స్నాయువు పట్టు తప్పి ఉంది, మూడు ఇన్నింగ్స్‌లో ఆరు పరుగులిచ్చేశాడు. అటువైపు మైక్ ముసీనా ఆరు ఇన్నింగ్స్ దాటేదాకా ఒక్కణ్ణి కూడా బేస్ మీదికి రానివ్వలేదు. 8-0 నుంచి 8-7 దాకా లాక్కొచ్చి చివరికి 10-7తో ఓడారు. మర్నాడు 3-1. ఆ రెండో మ్యాచ్‌లో స్టేడియం అంతా పెడ్రోని ఏడిపించింది. సెప్టెంబర్‌లో యాంకీస్ చేతిలో ఓడాక అతను విసుగెత్తి, ఇక వాళ్ళనే మా డాడీ అనుకోవాలి అన్నాడు, అనకూడని మాట అది, న్యూయార్క్ జనం వదులుతారా. యాభై వేల మంది ఒక్క గొంతుతో "మీ డాడీ ఎవరు" అని అరుస్తున్నారు. మ్యాచ్ అయిన నిమిషానికి ఫోన్.

"ఏరా, మీ డాడీ ఎవర్రా?"

"మీ మామగారే బావా."

అటువైపు అక్క నవ్వు వినిపించింది. ఆ సిరీస్‌లో మొదటి మూడు మ్యాచుల్లో నేను గెలిచింది అదొక్కటే.

మూడో మ్యాచ్‌కి ఆట బోస్టన్‌కి వచ్చింది. శుక్రవారం వానకి ఆగి శనివారం జరిగింది, జరక్కపోయినా బాగుండేది. 19-8. బేస్‌బాల్‌లో పంతొమ్మిది పరుగులంటే క్రికెట్‌లో వన్డే మ్యాచ్‌లో నాలుగొందలు కొట్టించుకున్నట్టు. హిడెకి మత్సుయి ఒక్కడే ఐదు హిట్లు కొట్టాడు. సిరీస్ 3-0. బేస్‌బాల్ చరిత్రలో ఏడు మ్యాచుల సిరీస్‌లో మొదటి మూడూ ఓడి సిరీస్ గెలిచిన టీమ్ అప్పటిదాకా ఒక్కటి కూడా లేదు.

బావ ఆ రాత్రి తిట్టలేదు, జాలిపడ్డాడు. అది ఇంకా దారుణం. "పోనీలేరా, మీ ఊళ్ళో చలికాలం ఎలాగూ త్వరగా వస్తుంది, హీటర్ సర్వీసింగ్ చేయించుకో" అన్నాడు. నాకు రోషం వచ్చి కోల్‌కతా గుర్తుచేశాను. 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్, ఫాలో ఆన్ ఆడిన టీమ్, మన హైదరాబాద్ లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, వరసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా 171 పరుగులతో ఓటమి. ఆ మ్యాచ్ గురించి బావే నాకు వందసార్లు చెప్పుంటాడు. ఒక్క క్షణం ఆగి, "మీ దగ్గర లక్ష్మణ్ ఎవడున్నాడ్రా, ఆ జుట్లూ గడ్డాలూ తప్ప?" అన్నాడు.

ఆ జుట్ల సంగతి నిజమే. యాంకీస్‌లో ఆటగాళ్ళు గడ్డం పెంచకూడదని రూలు (2025లో సడలించారు), అందరూ బ్యాంక్ మేనేజర్లలా ఉండేవాళ్ళు. మావాళ్ళేమో తమను తాము ఇడియట్స్ అని చెప్పుకుని తిరిగే బ్యాచ్. జానీ డేమన్ భుజాల దాకా జుట్టూ గుబురు గడ్డంతో ఉండేవాడు, మా అక్క అతన్ని బైరాగి అనేది. బైరాగి ఆ సిరీస్‌లో అప్పటిదాకా పెద్దగా ఏమీ కొట్టలేదు కూడా.

నాలుగో మ్యాచ్ ఆదివారం, అక్టోబర్ 17. దసరా నవరాత్రులు నడుస్తున్నాయి. మా ఆవిడది తిరుపతి, దసరాకి బొమ్మల కొలువు పెట్టాల్సిందే, అమెరికా అయినా అంటార్కిటికా అయినా. అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి, పైన పట్టుచీర పరిచి, పై మెట్టు మీద మరపాచి బొమ్మలు, కింద మా అమ్మ విజయవాడ నుంచి పంపిన కొండపల్లి దశావతారాలు. హాల్లో ఉన్న ఒకే ఒక్క మంచి గోడ ఆ కొలువుకి వెళ్ళిపోయింది కాబట్టి టీవీ కార్పెట్ మీదికి దిగింది. ఆ సాయంత్రం పేరంటం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళొచ్చారు, పాటలు, శనగలు, తాంబూలం. వాళ్ళ మొగుళ్ళం నలుగురం మాత్రం ఆ మూల కార్పెట్ మీద చతికిలబడి, సౌండ్ తీసేసి మ్యాచ్ చూస్తున్నాం. ఎనిమిదో ఇన్నింగ్స్ నాటికి అందరూ పొద్దున్నే ఆఫీసులున్నాయని వెళ్ళిపోయారు. యాంకీస్ 4, బోస్టన్ 3.

ఇంకో సంగతి. అదే రాత్రి అటు చెన్నైలో ఆస్ట్రేలియాతో రెండో టెస్టు, ఐదో రోజు. మన టైమ్ తొమ్మిదిన్నర అంటే మాకు సరిగ్గా అర్ధరాత్రి. 229 కొట్టాలి, ముందు రోజు సాయంత్రానికి వికెట్ పోకుండా 19. కుంబ్లే రెండు ఇన్నింగ్స్‌లో కలిపి పదమూడు వికెట్లు తీసిన మ్యాచ్, సెహ్వాగ్ 155 కొట్టిన మ్యాచ్. ఇటు టీవీ, అటు కంప్యూటర్‌లో స్కోరు పేజీ. బావ ఫోన్‌లోనే ఉన్నాడు, ఒకే కాల్‌లో ఒక ఆటలో ఇద్దరం ఒక పక్షం, ఇంకో ఆటలో ఎదురు పక్షం. "వాన పడుతోందటరా" అన్నాడు దిగులుగా. "ఇక్కడ కూడా కాసేపట్లో అయిపోతుందిలే" అన్నాను నేను.

తొమ్మిదో ఇన్నింగ్స్ బోస్టన్‌కి ఆఖరి అవకాశం. యాంకీస్ తరఫున వేయడానికి మరియానో రివేరా వచ్చాడు. ప్లేఆఫ్స్‌లో ఆ మనిషి వచ్చాడంటే జనం కార్ల దగ్గరికి నడవడం మొదలుపెడతారు. ఒకే రకం బంతి వేస్తాడు, అది చివర్లో కొంచెం తిరుగుతుంది, ఏం వస్తుందో తెలిసి కూడా కొట్టలేరు. అంతటివాడు కెవిన్ మిల్లార్‌కి హద్దు దాటిన బంతులు నాలుగు వేసి ఊరికే మొదటి బేస్ ఇచ్చేశాడు. మిల్లార్‌కి పరుగు రాదు. అతని బదులు డేవ్ రాబర్ట్స్‌ని పంపారు. జూలై 31న, ట్రేడింగ్ గడువు చివరి రోజున, లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ నుంచి తెచ్చుకున్న మనిషి, అచ్చంగా ఇలాంటి ఒక్క పని కోసం. ఆ రాత్రి అప్పటిదాకా డగౌట్‌లోనే ఉన్నాడు, ఎక్కువమందికి పేరు కూడా సరిగ్గా తెలియదు.

ఆట తెలియని వాళ్ళకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మొదటి బేస్ మీద ఉన్నవాడు, పిచర్ బంతి వదిలే క్షణంలో రెండో బేస్‌కి పరిగెత్తొచ్చు, దీన్నే దొంగిలించడం అంటారు. దూరం తొంభై అడుగులు. బంతి బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ చేతికి చేరి, అతను లేచి విసిరి, రెండో బేస్ దగ్గరున్నవాడు దాన్ని అందుకుని వీణ్ణి తాకేలోపు చేరాలి. దొరికితే ఔట్, ఈ సందర్భంలో దాదాపు సిరీస్ ఔట్. స్టేడియంలో ముప్ఫై ఐదు వేల మందికీ, టీవీ ముందు కూర్చున్న లక్షల మందికీ, రివేరాకీ, మా ఆవిడక్కూడా అతను పరిగెత్తుతాడని తెలుసు.

రివేరా బంతి వేయకుండా మొదటి బేస్‌కి విసిరాడు. రాబర్ట్స్ వెనక్కి దూకాడు. మళ్ళీ విసిరాడు. మళ్ళీ దూకాడు. మూడోసారి కూడా. లేచి ప్యాంటు దులుపుకుని మళ్ళీ అంత దూరమే జరిగి నించున్నాడు, ఒక్క అంగుళం తగ్గలేదు. అప్పుడు రివేరా బ్యాటర్ వైపు బంతి వేశాడు, వీడు కదిలాడు. క్యాచర్ పోసాడా విసిరింది మంచి త్రో. డెరెక్ జీటర్ అందుకుని చెయ్యి కిందికి తెచ్చేసరికి రాబర్ట్స్ చెయ్యి బేస్ మీద ఉంది. ఎంత తేడా అంటే, రీప్లే నాలుగుసార్లు చూస్తే గానీ నాకు నమ్మకం కుదరలేదు. తర్వాత బిల్ మ్యూలర్ బంతిని సరిగ్గా రివేరా పక్కనుంచి మైదానం మధ్యలోకి కొట్టాడు, రాబర్ట్స్ ఇంటికి, అంటే హోమ్ ప్లేట్‌కి వచ్చేశాడు, ఒక పరుగు. 4-4. ఈ మ్యూలరే జూలైలో ఇదే ఫెన్‌వేలో ఇదే రివేరాని హోమ్ రన్‌తో ఓడించాడు, రెండు టీమ్‌లూ తన్నుకున్న మ్యాచ్ అది, బావకి ఆ సంగతి గుర్తుచేద్దామని ఫోన్ చూస్తే లైన్ ఎప్పుడో కట్.

పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టి ముగించేసరికి రాత్రి 1:22. 6-4. టీవీలో వ్యాఖ్యాత "ఈ రాత్రికే మళ్ళీ కలుద్దాం" అన్నాడు, ఎందుకంటే తేదీ మారిపోయింది, ఐదో మ్యాచ్ ఆ రోజు సాయంత్రమే. చెన్నైలో అప్పుడు పొద్దున పదిన్నర దాటింది, వాన కురుస్తూనే ఉంది. ఆ రోజు అక్కడ ఒక్క బంతి కూడా పడలేదు.

సోమవారం ఆఫీసులో అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. నేను ఉత్సాహంగా పెద్దాయన దగ్గరికెళ్ళి రాబర్ట్స్ గురించి మొదలుపెట్టాను. ఆయన వినలేదు. "నిన్నే ఓడిపోతే అయిపోయేది. ఇప్పుడు మళ్ళీ ఆశ పెట్టారు, వీళ్ళు ఎప్పుడూ ఇంతే" అన్నాడు. నిజంగా కోపం వచ్చింది ఆయనకి, గెలిచినందుకు. నాకు సంతోషంగా ఉంది, ఆయనకి భయంగా ఉంది, ఇద్దరిదీ ఒకే టీమ్. నేను ఎనభై ఆరేళ్ళ సీరియల్‌కి ఆఖరి వారంలో టీవీ పెట్టినవాణ్ణి. నా దగ్గర పోగొట్టుకోవడానికి ఏముంది? ఆయన దగ్గర నాన్న ఉన్నాడు.

ఐదో మ్యాచ్ సాయంత్రం ఐదింటికి మొదలైంది. మూడున్నరకే పార్కింగ్ సగం ఖాళీ, మా మేనేజర్ కారు అన్నిటికంటే ముందు వెళ్ళిపోయింది. ఈ మ్యాచ్ పద్నాలుగు ఇన్నింగ్స్, 5 గంటల 49 నిమిషాలు నడిచింది. మా ఇంట్లో రాత్రి వంట అయింది, భోజనాలయ్యాయి, అమ్మవారికి హారతి అయింది, గిన్నెలు కడగడం అయింది, ఇంకా ఆడుతూనే ఉన్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 4-2తో వెనకబడి ఉంటే ఓర్టిజ్ మళ్ళీ హోమ్ రన్, మళ్ళీ రాబర్ట్స్‌ని పరుగుకి పంపడం, మళ్ళీ రివేరా, మళ్ళీ స్కోరు సమం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ టోనీ క్లార్క్ కొట్టిన బంతి నేలమీద పడి గెంతి గ్యాలరీలోకి పోయింది. రూలు ప్రకారం బేస్‌ల మీద ఉన్నవాళ్ళు రెండు బేస్‌లే కదలాలి, లేకపోతే రూబెన్ సియెర్రా అప్పుడే ఇంటికొచ్చేసి సిరీస్ దాదాపు అయిపోయేది. ఆ గోడ ఇంకొంచెం ఎత్తుంటే ఏమయ్యేదని బావ ఇప్పటికీ అంటాడు.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది పదమూడో ఇన్నింగ్స్. బంతి వేస్తున్నది టిమ్ వేక్‌ఫీల్డ్. 2003లో ఆ ఆఖరి బంతి వేసినవాడే. అతనిది నకల్‌బాల్, బంతికి తిప్పుడు ఉండదు, గాల్లో దానిష్టం వచ్చినట్టు ఊగుతూ వస్తుంది, బ్యాటర్ సంగతి తర్వాత, పట్టుకునే క్యాచర్‌కే తెలియదు ఎటు పోతుందో. మామూలుగా అతని బంతులు పట్టడానికి వేరే క్యాచర్ ఉంటాడు. ఆ రాత్రి జేసన్ వారిటెక్ ఉన్నాడు, అలవాటు లేదు. ఒక్క ఇన్నింగ్స్‌లో మూడుసార్లు బంతి వదిలేశాడు. మూడో బేస్ మీద యాంకీస్ ఆటగాడున్నాడు, ఇంకొక్కసారి చెయ్యి జారితే మ్యాచ్ పోయినట్టే. మా ఆవిడ అప్పటిదాకా గిన్నెలు తుడుస్తున్నది తుడుస్తున్నట్టే వచ్చి కొలువు ముందు నించుంది. నేను ఏమీ అనలేదు, అనేంత ధైర్యం ఆ టైమ్‌లో లేదు. సియెర్రాని స్ట్రైకౌట్ చేశాడు వేక్‌ఫీల్డ్, ఆ బంతిని వారిటెక్ పట్టుకున్నాడు.

పద్నాలుగో ఇన్నింగ్స్‌లో ఓర్టిజ్, ఫౌల్ మీద ఫౌల్ కొట్టి కొట్టి, చివరికి బలం లేని చిన్న దెబ్బ ఒకటి మైదానం మధ్యలో పడేలా కొట్టాడు. రెండో బేస్ నుంచి బైరాగి జుట్టెగరేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. 5-4. క్యాలెండర్ ప్రకారం చూస్తే అక్టోబర్ 18న ఒకే రోజు రెండు మ్యాచులు గెలిపించాడు ఓర్టిజ్. ఫోన్ మోగింది. "వాడికేం పెడుతున్నార్రా తిండి?" అన్నాడు బావ, హలో కూడా లేకుండా.

ఆరో మ్యాచ్ న్యూయార్క్‌లో, రక్తం సాక్స్ మ్యాచ్. షిల్లింగ్ కాలు బాగవ్వలేదు, పక్కకి జారుతున్న స్నాయువు కదలకుండా టీమ్ డాక్టర్ చర్మాన్ని లోపలి కణజాలానికి కుట్టేశాడు. అలాంటి కుట్టు అంతకు ముందు ఎవరూ వేసినట్టు లేదు, డాక్టర్ ముందుగా ఒక శవం కాలి మీద వేసి చూసుకున్నాడట. ఆ కుట్లతో ఏడు ఇన్నింగ్స్ వేశాడు, ఒకే ఒక్క పరుగిచ్చాడు. కెమెరా మాటిమాటికీ చీలమండ మీదికి వెళ్తోంది, తెల్ల సాక్స్ మీద ఎర్ర మరక పెరుగుతోంది. బావ అభిప్రాయం ఒకటే: "దసరా కదరా, కుంకుమ పూసుకునుంటాడు." (బేస్‌బాల్ మ్యూజియం హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టింది ఈ సాక్స్ కాదు, తర్వాత వరల్డ్ సిరీస్‌లో వేసుకున్నది. ఈ విషయం బావకి చెప్తే, "చూశావా, సాక్ష్యం మాయం చేశారు" అంటాడు.)

ఆ మ్యాచ్‌లోనే అలెక్స్ రోడ్రిగెజ్ మొదటి బేస్ వైపు పరిగెడుతూ, తనని తాకడానికొచ్చిన బ్రాన్సన్ అరోయో చేతిని చరిచి బంతి పడగొట్టాడు. మన కబడ్డీలో అయితే సరే గానీ ఇక్కడ కుదరదు, అంపైర్లు గుమిగూడి మాట్లాడుకుని ఔటిచ్చారు. అంతకు ముందు చలికాలంలో బోస్టన్‌కి రావాల్సిన మనిషి అతను, బేరం దాదాపు కుదిరి జీతం కోత దగ్గర ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోక తప్పిపోయింది, వారాల్లో యాంకీస్ ఎగరేసుకుపోయారు. అతను రెండో బేస్ మీద నించుని రెండు చేతులూ తలమీద పెట్టుకుని నేనేం చేశాను అన్నట్టు చూసిన చూపు ఉంది చూడండి, దాన్నే బావకి ఇప్పటికీ ప్రతి పుట్టినరోజుకీ పంపిస్తాను. జనం సీసాలూ చెత్తా విసిరితే చివరి ఇన్నింగ్స్‌లో హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు మైదానం అంచున కూర్చున్నారు. 4-2. సిరీస్ 3-3.

ఏడో మ్యాచ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని అందం. మొదటి ఇన్నింగ్స్‌లో ఓర్టిజ్ హోమ్ రన్. రెండో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ నిండి ఉండగా బైరాగి లేచి, హవియెర్ వాస్క్వెజ్ వేసిన మొదటి బంతినే కుడివైపు స్టాండ్స్‌లో వేశాడు. ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు, 6-0. తర్వాత ఇంకోటి కూడా కొట్టాడు. రెండు రోజుల విశ్రాంతితో వచ్చిన డెరెక్ లో ఆరు ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు. తొమ్మిది దాటీ దాటగానే నేనే ఫోన్ చేశాను. అక్క ఎత్తింది.

"మీ బావ పడుకున్నాడ్రా."

"తొమ్మిదింటికా?"

"తలనొప్పట."

వెనక టీవీ సౌండ్ స్పష్టంగా వినిపిస్తోంది. నేనూ గుచ్చలేదు, "రెస్ట్ తీసుకోమను" అని పెట్టేశాను. 10-3. ఆఖరి బంతి సియెర్రా కొడితే పోకీ రీస్ ఏరి మొదటి బేస్‌కి విసిరాడు. యాంకీస్ సొంత గడ్డ మీద రెడ్ సాక్స్ వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దొర్లారు.

ఆ రాత్రి ఫెన్‌వే చుట్టూ వేలమంది వీధుల్లోకొచ్చారు. జనాన్ని చెదరగొట్టడానికి పోలీసులు పేల్చిన మిరియాల గుళ్ళలో ఒకటి తగిలి 21 ఏళ్ళ కాలేజీ అమ్మాయి చనిపోయింది. గెలుపు చూడ్డానికి బయటికొచ్చిన పిల్ల. గురువారం పొద్దున ఆఫీసుకి డోనట్స్ డబ్బాలు తెచ్చినవాళ్ళు కూడా వాటిని ఒక మూలన పెట్టి ఊరుకున్నారు. ఈ సిరీస్ గురించి ఎవరు ఎంత ముచ్చటగా రాసినా ఆ అమ్మాయి సంగతి వదిలేస్తే నాకు చిరాకేస్తుంది.

పెద్దాయన ఆ పొద్దున నన్ను చూసి, ఆటగురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, "ఇంతకీ మీ క్రికెట్ మ్యాచ్ ఏమైంది?" అని అడిగాడు. వానకి డ్రా అని చెప్పాను. "ఐదు రోజులాడి?" "అవును." "ఎవరూ గెలవలేదా?" "లేదు." కాసేపు ఆలోచించి, మా శాపం కంటే మీదే పెద్దదిలా ఉందే అన్నాడు. వారం తర్వాత సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ని 4-0తో ఓడించి, సంపూర్ణ చంద్రగ్రహణం రోజున రెడ్ సాక్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు. మా ఆవిడ గ్రహణం పూట టీవీ చూడొద్దంది, అయినా చూశాం. ఆ వారంలో ఆ ప్రాంతంలోని శ్మశానాల్లో చాలా సమాధుల మీద రెడ్ సాక్స్ టోపీలూ జెండాలూ కనిపించాయని పేపర్లలో వచ్చింది. పెద్దాయన ఒక మధ్యాహ్నం సెలవు పెట్టాడు. ఎక్కడికని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, బూట్లకి మాత్రం మట్టి ఉంది.

తర్వాత 2007, 2013, 2018, ఇంకో మూడుసార్లు గెలిచారు. ఇక్కడ పుట్టిన మా పిల్లాడికి రెడ్ సాక్స్ అంటే అప్పుడప్పుడూ గెలిచే ఒక మామూలు టీమ్. వాడికి ఆ పెద్దాయన భయం ఎంత చెప్పినా ఎక్కదు. బైరాగి 2006 సీజన్‌కి జుట్టు కత్తిరించి, గడ్డం గీసి, యాంకీస్‌లో చేరిపోయాడు. అప్పట్నుంచి బావ దృష్టిలో అతను చాలా పద్ధతైన మనిషి. వేక్‌ఫీల్డ్ 2023 అక్టోబర్‌లో మెదడు క్యాన్సర్‌తో చనిపోయాడు, ఆ రోజు బావే ముందుగా ఫోన్ చేశాడు. వేళాకోళం లేకుండా మాట్లాడాడు.

ఇక డేవ్ రాబర్ట్స్ సంగతి. అతను బోస్టన్‌కి ఆడింది ఆ కొన్ని నెలలే. తర్వాత డాడ్జర్స్‌కి మేనేజర్ అయ్యాడు. 2024 వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్‌కి ఎదురుపడింది ఎవరనుకున్నారు, యాంకీసే. ఐదో మ్యాచ్ న్యూయార్క్‌లో, యాంకీస్ 5-0తో ముందున్నారు. బావ చాలాకాలం తర్వాత హుషారుగా ఫోన్ చేశాడు, ఇప్పుడు నిమిషాల గొడవ లేదు, వీడియో కాల్. ఇంతలో ఐదో ఇన్నింగ్స్‌లో ఆరన్ జడ్జ్ చేతిలో పడ్డ తేలికైన క్యాచ్ వదిలేశాడు, పిచర్ గెరిట్ కోల్ మొదటి బేస్ దగ్గరికి వెళ్ళడమే మర్చిపోయాడు, అలా అలా ఐదు పరుగులూ తిరిగొచ్చేశాయి. చివరికి 7-6తో డాడ్జర్స్ గెలిచి కప్పు పట్టుకెళ్ళారు. కెమెరా డగౌట్‌లో రాబర్ట్స్ మీదికి వెళ్ళింది, వయసు మీద పడింది గానీ నవ్వు అదే.

బావ ఫోన్‌ని టీవీ వైపు తిప్పి, "ఒరేయ్, ఈ దొంగ వెధవ ఇంకా నన్ను వదల్లేదేంట్రా" అన్నాడు.